తుపాకీ గొట్టంలో కందిరీగ

చిన్న కథే, వక్క నమిలేలోపు అయిపోతుంది. మా పాపయ్యదొర మీసాలంత పొడుగు కూడా ఉండదు. ఆ మీసాలకు రాసే ఆముదం మా వీరమ్మత్తకిస్తే నెల్లాళ్లు దీపం పెట్టుకునేది. ఆవిడ పెట్టదనుకోండి, చీకట్లోనే పక్కింటి మాటలు బాగా వినిపిస్తాయంటుంది. సరే, తుపాకీ దగ్గరికి వస్తాను.

దొర రోజూ అడవికి వెళ్లేవాడు. రోజూ ఓ పులిని కాల్చానని చెప్పేవాడు. ఊళ్లో మేకలు మాత్రం రోజూ తగ్గేవి. తుపాకీ తుడవడం నౌకరు గంటన్న పని. ఆ పనికే వాడికి దొర గుడిసె ఇచ్చాడు.

ఓనాడు పక్క ఊరి దొరలు చుట్టపుచూపుగా వచ్చారు. వాళ్లకు చూపిద్దామని తుపాకీ ఎత్తగానే, గొట్టంలోంచి కందిరీగ వచ్చి దొర ముక్కు మీద కుట్టింది. లోపల చూస్తే నిండా మట్టిగూడు.

"ఒరే గంటన్నా! గొట్టం ఎన్నాళ్లకోసారి తుడుస్తున్నావురా? ఇవాళే గుడిసె ఖాళీ చెయ్!"

"పేల్చినప్పుడల్లా తుడవమని తమరే సెలవిచ్చారు దొరా. నిన్న తమరు పులిని కాల్చినప్పుడు ఈ గూడు చెక్కు చెదరకుండా ఎలా ఉందో ఒక్కమాట చెప్పండి. ఇప్పుడే మూట కట్టుకుంటాను."

చుట్టాలందరూ దొర మీసాలకేసి చూశారు. దొర ముక్కు రుద్దుకున్నాడు.

"గుడిసె ఉంచుకోరా," అన్నాడు.

మర్నాటి నుంచి దొర పరువు కోసం పొద్దున్నే పెరట్లో ఆకాశంలోకి ఓసారి పేల్చేవాడు. గంటన్న గొట్టం తుడిచేవాడు. ఆ మోత పడలేక పులి చుట్టాల ఊరికి వెళ్లిపోయింది.