వీరభద్రం ఇంట్లో పగడాల ఉప్పు

నూజివీడులో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే వీరభద్రం ఏమాత్రం మొహమాటపడకుండా తన ఇల్లే చూపించేవాడు. ఆ ఇంట్లో ఆయన, భార్య మాణిక్యాంబ, ఆమె తమ్ముడు కోటిలింగం ఉండేవాళ్ళు. ముగ్గురిదీ ఒకటే పద్ధతి. ఎవరు ఏం చెబితే అది చెప్పినట్టే చేయడం. చెప్పింది ఒకటీ విన్నది ఒకటీ అవడం వల్లే లోకంలో ఇన్ని గొడవలని, అందరూ తమలా ఉంటే కోర్టులు మూసేయొచ్చని వీరభద్రం అంటుండేవాడు.

దానికి రుజువు కూడా చెప్పేవాడు. ఒకసారి పక్కింటివాళ్ళు పెళ్ళికి వెళ్తూ కాస్త మా ఇల్లు చూస్తూ ఉండండి అన్నారు. అంతే. ముగ్గురూ అరుగు మీద కుర్చీలు వేసుకుని ఆ ఇంటినే చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం ఎవరో వ్యాను తెచ్చి, తాళం పగలగొట్టి, ఫ్రిజ్జూ మంచాలూ ఎక్కించసాగారు. బీరువా అడ్డొచ్చి ఇల్లు సరిగా కనపడటం లేదని వీళ్ళే వాళ్ళను పక్కకు జరగమన్నారు. పెళ్ళి నుంచి వచ్చినవాళ్ళు గుండెలు బాదుకుంటే వీరభద్రం నొచ్చుకున్నాడు. చూడమన్న ఇల్లు చూశామని, ఒక్క ఇటుకైనా తగ్గిందేమో వెతుక్కోమని అన్నాడు.

అలాంటి ఇంట్లో మేడమీద వాటాలోకి హైమావతి అనే కాలేజీ లెక్చరరు అద్దెకు దిగింది. ఒంటరి మనిషి. ఆమె ప్రాణమంతా ఒక గాజుతొట్టిలో ఉండేది. అందులో ఇంట్లోనే ఉప్పు కలిపి తయారుచేసుకున్న సముద్రపు నీళ్ళు, ఆ నీళ్ళలో బతికున్న పగడాలు, నారింజరంగు మీద తెల్లచారలున్న చేపల జంట. పగడాల్లో ఒకదాన్ని వాళ్ళ నాన్న గోరంత ముక్కగా తెచ్చిచ్చాడు. ఆయన పోయాక అది ఆమె చేతుల్లో అరచేయంత అయింది.

ఇంతలో కాలేజీవాళ్ళు ఆమెను శిక్షణకని తిరుపతి పంపారు. తొట్టిని ఎవరికి అప్పజెప్పాలా అని వీధిలో వాకబు చేస్తే, వీరభద్రం ఇంటివాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేస్తారమ్మా అన్నాడు ఒక పెద్దమనిషి. ఆయన జాగ్రత్త చెప్పాడు. ఆమె మెచ్చుకోలు అనుకుంది. మాటను మాటలాగే తీసుకునే జబ్బు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళకీ అంటుతుంది కాబోలు.

తొట్టిని కింద వీరభద్రం హాల్లో కిటికీ పక్కన పెట్టించింది. వారం వారం కొన్ని నీళ్ళు తీసి కొత్తవి పోయాలని చెప్పింది. ఉప్పు నిండుకుందని, వంటింటి ఉప్పు వేస్తే ప్రాణాలు పోతాయని, విజయవాడలో చేపల తొట్ల దుకాణానికి వెళ్ళి, పగడాల కోసం చేసిన ఉప్పు ఏది మంచిదో అడిగి కొనమంది. ఆటో ఎక్కేముందు కళ్ళు తుడుచుకుంటూ, కంటికి రెప్పలా చూసుకోండి పిన్నిగారూ అంది.

మాణిక్యాంబ ఆ మాటను బాగా ఆలోచించింది. రెప్ప చేసే పనేమిటి? మూసుకోవడం, తెరుచుకోవడం. ఇంకేముంది, పాత చీర ఒకటి తొట్టి మీద కట్టి, కోటిలింగాన్ని స్టూలు మీద కూర్చోబెట్టింది. అతను చీర దించడం, ఎత్తడం, దించడం, ఎత్తడం. చేపలకు తెల్లారడం, పొద్దుగూకడం, మళ్ళీ తెల్లారడం. పాపం అవి ఎప్పుడు పడుకోవాలో ఎప్పుడు లేవాలో తెలియక మూలకు చేరి బిత్తరచూపులు చూశాయి. కోటిలింగం చేతులు పడిపోయాక, రెప్ప కూడా నిద్రలో కదలదు కదా అని వీరభద్రం తీర్పు చెప్పాడు. చీర మూసేసి ముగ్గురూ భోజనాలకు లేచారు.

మర్నాడు బావా బావమరుదులు విజయవాడ బస్సెక్కారు. దుకాణదారు ఓపికమంతుడు. చేపలు మాత్రమే ఉండే తొట్టికి ఒక ఉప్పు, పగడాలుంటే ఇంకో ఉప్పు, అందులోనూ గట్టి పగడాలకు కాల్షియం ఎక్కువున్న రకం అని వివరించాడు. చేపల ఉప్పు అనగానే కోటిలింగం ముఖం చిట్లించాడు. ఉప్పులో పెట్టిన చేపను ఉప్పుచేప అంటారని, బతికున్నవాటిని అలా చేయడం తమకు ఇష్టం లేదని చెప్పాడు. దుకాణదారు ఆ మాట వినిపించుకోనట్టే ఉండి, మీ పగడాలు మెత్తనివా గట్టివా అని అడిగాడు.

కోటిలింగం వెంటనే ఇంటికి ఫోను చేశాడు. మాణిక్యాంబ తొట్టిలో చెయ్యి పెట్టి ప్రతి పగడాన్నీ, బజార్లో వంకాయలు చూసినట్టు, నొక్కి చూసింది. పువ్వుల్లా విచ్చుకున్నవన్నీ ముడుచుకుపోయాయి.

"నొక్కకముందు మెత్తగా ఉన్నాయిరా. నొక్కాక గట్టిగా అయ్యాయి. ఇప్పటి సంగతి చెప్పాలా, ఇందాకటి సంగతి చెప్పాలా?" అంది.

కోటిలింగం అదే మాట దుకాణదారుకు చెప్పాడు. ఆయన కాసేపు సీలింగు ఫ్యాను వైపు చూశాడు. తర్వాత మూడు రకాల ఉప్పూ చిటికెడు చిటికెడు పొట్లాలు కట్టి చేతిలో పెట్టి, మీ పగడాలకు ఏది పడుతుందో అవే చెబుతాయి, వెళ్ళి రండి అన్నాడు.

అంతే. ఇంటికొచ్చి తొట్టి ముందు చాప వేసుకుని ముగ్గురూ కూర్చున్నారు. వీరభద్రం మర్యాదగా, పగడాల మేలు కోరే అడుగుతున్నామని, పెద్దాచిన్నా తేడా లేకుండా ఎవరైనా చెప్పవచ్చని విన్నవించాడు. పగడాలు నోళ్ళు తెరుచుకుని ఊరుకున్నాయి. వాటికి సిగ్గెక్కువని మాణిక్యాంబ సమర్థించి, చేపల్ని అడగమంది. తలో పొట్లం పట్టుకుని అద్దం దగ్గర పెట్టారు. చేపలు రెండూ రివ్వున మాణిక్యాంబ చేతి దగ్గరికి వచ్చేశాయి. ఈ రెండు రోజులూ మేత వేసింది ఆ చెయ్యే మరి. ముగ్గురికీ అది తట్టలేదు. చేపలు నోరు తెరిచి చెప్పేశాయని, ఇంత తేలికైన పనికి జనం దుకాణాల చుట్టూ తిరుగుతారని నవ్వుకున్నారు. అదృష్టమో ఏమో, ఆ పొట్లం హైమావతి ఎప్పుడూ వాడే ఉప్పుదే.

మళ్ళీ వెళ్ళి ఆ రకమే సంచీ కొన్నారు. సంచీతో పాటు దుకాణదారు సలహా కూడా ఇచ్చాడు. ఫిల్టరు నీళ్ళలో సంచీ మీద రాసినంత కొలిచి వేయాలి, తొట్టిలో నేరుగా వేయకూడదు, విడిగా కలిపి పూటంతా బాగా తిప్పాలి, తేరుకున్నాకే పోయాలి. తిప్పకపోతే అడుగున గడ్డ కట్టి ఉప్పంతా పాడవుతుందని మరీ మరీ చెప్పాడు.

కొలతలో వాళ్ళకు వంక పెట్టలేం. చెప్పింది చెప్పినట్టు, చెంచా అంచు చాకుతో గీసి మరీ కొలిచారు. నీలం డ్రమ్ములో నీళ్ళు పోసి ఉప్పు వేసి మూత బిగించారు. ఇక తిప్పాలి. కోటిలింగం తోపుడుబండి తెచ్చాడు. ఇంకేముంది, డ్రమ్మును బండెక్కించి ఊరంతా తిప్పారు. బస్టాండు చూపించారు, మామిడికాయల మార్కెట్టు చూపించారు, ఎండగా ఉందని మాణిక్యాంబ గొడుగు పట్టింది. ఎవరైనా ఎక్కడికని అడిగితే, నీళ్ళను తిప్పుతున్నాం అని వీరభద్రం గంభీరంగా చెప్పాడు. ఆ ఊరి రోడ్ల గుంతలకు ఉప్పు ఒక్క పలుకు లేకుండా కరిగిపోయింది. ఘనత మునిసిపాలిటీది.

సాయంత్రం హైమావతి ఫోను చేసింది. వీరభద్రం గర్వంగా జరిగిందంతా చెప్పాడు. రెప్ప సంగతి, నొక్కి చూసిన సంగతి, చేపలతో మాట్లాడిన సంగతి, నీళ్ళకు ఊరు చూపించిన సంగతి. అంతా విన్నాక ఆమె ఒక్కమాటే అంది.

"అయితే ఇక ఆ తొట్టికి నీళ్ళొదులుకున్నట్టే బాబాయిగారూ."

ఫోను పెట్టేసింది. తొట్టికి నీళ్ళు వదలమంటోందని వీరభద్రం ఇంట్లోవాళ్ళకు చెప్పాడు. అన్ని పాట్లు పడి కాపాడిన తొట్టి, నీళ్ళెందుకు వదలాలని మాణిక్యాంబకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అయినా చెప్పిన మాట చెప్పిన మాటే. అంతే, కోటిలింగం గొట్టం పెట్టి నీళ్ళన్నీ వీధి కాలవలోకి వదిలేశాడు. నీళ్ళు తగ్గేకొద్దీ పగడాలు ఒక్కొక్కటీ వాలిపోయాయి. చేపలు అడుగున పక్కకు ఒరిగి కొట్టుకున్నాయి.

"నీళ్ళని వదలమంది గానీ చేపల్ని వదలమనలేదు కదండీ," అంది మాణిక్యాంబ. వీరభద్రం ఆలోచించి, నిజమే అన్నాడు. ఆమె పగడాల్ని, చేపల్ని రెండు చేతులా ఎత్తి, ఊరు తిరిగొచ్చిన డ్రమ్ములో దించింది. నీళ్ళు ఆడించే తొట్టి మోటారు కూడా తిరుగుతుండగానే అందులో పడేసింది, అది నీళ్ళు కాదు కాబట్టి.

హైమావతి ఫోను పెట్టిన వెంటనే బస్సెక్కేసింది. తెల్లారి హాల్లోకి వచ్చి, ఎండిపోయిన తొట్టిని చూసి గోడకు జారబడి నేలమీద కూలబడింది. ఏడుపు కూడా రాలేదు. మాణిక్యాంబ ఆమె చెయ్యి పట్టుకుని డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళి మూత తీసింది. చేపలు పైకొచ్చాయి. వాళ్ళ నాన్న ఇచ్చిన పగడం ఒక పక్కన కాస్త కందింది గానీ, రేకులు చాపుకునే ఉంది. హైమావతి తన పరికరంతో నీళ్ళలో ఉప్పు ఎంతుందో కొలిచి చూసుకుంది. ముల్లు సరిగ్గా ఉండాల్సిన చోటే ఆగింది. అప్పుడు వచ్చింది ఏడుపు, దాని వెనకే నవ్వు.

ఆ రోజంతా కూర్చుని మళ్ళీ నీళ్ళు తయారుచేసి తొట్టి నింపింది. పగడాలు తేరుకునేదాకా తొట్టిని కదపడం మంచిది కాదని హాల్లోనే ఉంచింది. మేడమీదకు వెళ్తూ ముగ్గురికీ చేతులు జోడించింది. "మీకు దణ్ణం పెడతాను బాబాయిగారూ, ఇకమీదట ఈ తొట్టి నీడ కూడా తొక్కకండి."

మర్నాడు పొద్దున ఆమె పగడాల్ని చూసుకుందామని కిందికి దిగింది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. ఇంటి వెనక ఏదో చప్పుడైతే వెళ్ళి చూసింది. వంటింటి కిటికీ ఊచలు ఊడబీకి ఉన్నాయి. నిచ్చెన వేసి ఉంది. కోటిలింగం కిటికీలో సగం ఇరుక్కుని ఉన్నాడు. మాణిక్యాంబ మంచినీళ్ళ బిందె చంకన పెట్టుకుని నిచ్చెన కింద వంతు కోసం నిలబడింది. వీరభద్రం బావమరిది కాళ్ళు పట్టుకుని లోపలికి తోస్తున్నాడు.

ఇదేమిటని హైమావతి నీరసంగా అడిగింది. వీరభద్రం చెమట తుడుచుకుని, ఆమె మాట అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నందుకు కాస్త గర్వంగానే జవాబిచ్చాడు.

"కిటికీలోంచి ఎండ పడి ఆ తొట్టి నీడ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది తల్లీ. అది లేచి వెళ్ళగానే మేమూ తలుపులోంచే వస్తాం."