గవరయ్య వేలిముద్ర బియ్యం

ఊరందరికీ పంచినా మిగిలేంత బుర్ర తమ ఇంట్లోనే ఉందని గవరయ్య నమ్మకం. "మనిద్దరి తలలూ కలిపితే కలెక్టరు కూడా సాలడు మావా!" అని పెళ్ళాం పైడితల్లి వంత పాడేది.

కిందటి నెల రేషన్ డీలరు, "నీ బియ్యానికి తాళంచెవి నీ బొటనవేలే. జాగ్రత్తగా దాచుకో" అన్నాడు. అంతే! గవరయ్య వేలికి గుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, నెలంతా విప్పలేదు. అన్నం పైడితల్లే కలిపి ముద్దలు పెట్టింది.

ఈలోగా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. ఆ సాయంత్రంలోగా తెచ్చుకోకపోతే ఆ నెల కోటా పోయినట్టే. గవరయ్య పైడితల్లిని వెంటబెట్టుకుని వెళ్ళి, డీలరు ముందు కట్టు విప్పి మిషను మీద వేలు పెట్టాడు. ఇంకేముంది, చెమటకి నాని ముడతలు పడ్డ వేలిని మిషను గుర్తుపట్టలేదు. నాలుగుసార్లు పెట్టినా ఎర్రలైటే.

"పోనీలే, ఫోనుకి నెంబరొస్తుంది. అది ఎవరికీ చెప్పకూడదు, తెలిసిందా?" అన్నాడు డీలరు. నెంబరు రానే వచ్చింది. "ఊఁ, చెప్పు."

గవరయ్య రెండు చేతులా నోరు మూసుకున్నాడు.

"నాకు చెప్పరా!"

"ఎవురికీ సెప్పొద్దన్నారు కదేటి బాబూ! తవరికి మాత్రం ఎలా సెప్తాను?"

"బలేగన్నావు మావా!" అని పైడితల్లి మురిసిపోయింది. ఆ మురిపెంలో నెంబరు గడువు కాస్తా దాటిపోయింది.

డీలరు తల పట్టుకుని, కళ్ళు చూసే మిషను తీశాడు. "కళ్ళు పెద్దవి చెయ్యి. నేను చెప్పేదాకా రెప్ప వెయ్యకు." పచ్చలైటు వెలిగింది. "హమ్మయ్య! నీ కన్నో వేలో లేకుండా నీ బియ్యం ఒక్క గింజ కూడా ఎవరూ ముట్టుకోలేరు. ఇక పో!" అన్నాడు. రెప్ప వెయ్యమనడం మాత్రం మరిచిపోయాడు.

అంతే! నెత్తిన మూట, కళ్ళ వెంట ధారలు. పైడితల్లి చెయ్యి పట్టుకుని నడిపిస్తే గవరయ్య ఇల్లు చేరాడు. ఎవరూ ముట్టుకోలేని బియ్యాన్ని లోపల పెట్టడమెందుకని, మూట గుమ్మం బయటే విప్పి వదిలేసి, ఇద్దరూ రెప్ప సంగతి అడగడానికి మళ్ళీ పరుగెత్తారు.

"వెయ్యరా నాయనా!" అని డీలరు మొత్తుకున్నాడు.

హాయిగా రెప్పలు ఆడించుకుంటూ ఇంటికొస్తే ఏముంది? పక్కింటి మేక మూట పడదోసి, తిన్నంత తిని, మిగతాది బురదలో తొక్కేసింది. పైడితల్లి గుండెలు బాదుకుంది. గవరయ్యకీ ఏడుపు ఆగలేదు. పొయ్యి మీదకి పిడికెడు గింజలు లేవు మరి. అయినా బుర్రున్న మనిషి కదా, కాసేపు ఆలోచించి, మేకని భుజానేసుకుని డీలరు దగ్గరికి పరుగెత్తి, దాని కాలు మిషను మీద పెట్టాడు.

"బాబూ, నా యేలు నాలుగుసార్లెట్టినా ఒప్పుకోనేదు. దీని గిట్టకి ఒక్క దెబ్బకే బియ్యం వచ్చేసినాయి. వచ్చే నెల నుంచి మా కార్డుకి దీన్నే ఎక్కించండి!"