ఎండనిచ్చిన అయిదు చెట్లు

పొద్దున అయిదున్నర. పుష్యమాసపు మంచు. పది అడుగుల అవతల మనిషి ఆనడం లేదు.

నా కొడుకు సంపత్ మా వాకిట్లో గట్టయ్య మామను అడిగాడు.

“తాతా, ఆపరేషన్ చేయించుకోవాల్నా, వద్దా?”

మా వాడలో తాటిచెట్టు ఎక్కే ప్రతివాడికీ గట్టయ్య మామే గురువు. డెబ్బై దాటాయి. చెట్టెక్కే మోకుతాడు ముట్టక ఆరేళ్ళయింది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పడు. “చూసినంక అడుగు” అంటాడు. ఆ చూడవలసింది ఏమిటో కూడా చెప్పడు.

దసరాకు ముందు సంపత్ కల్లు నిండిన లొట్టితో చెట్టు దిగుతూ, చివరి మూరెడు దూరం దూకాడు. పాదం నేలలో నిలిచింది, ఒళ్ళు తిరిగింది. మోకాలి లోపల టప్పుమన్నదట. రెండు ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు తెగిందని పట్నం డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ లేకుండా నడవొచ్చు, కానీ చెట్టెక్కొద్దు. చెట్టెక్కాలంటే ఆపరేషన్ కావాలి, అయినాక తొమ్మిది నెలలు ఎక్కొద్దు. అంతే చెప్పాడు. ఎటూ బలవంతం చేయలేదు.

వీడు రెండూ వినలేదు. వాపు తగ్గగానే కాలికి పట్టీ చుట్టుకుని ఎక్కుతూనే ఉన్నాడు. మెట్ల మీద ఒకసారి, నల్లా దగ్గర ఒకసారి మోకాలు పక్కకు జారి కూలబడ్డాడు. “చెట్టు మీద ఒక్కసారి గూడ జారలే గదా” అంటాడు. ఆ మాట విన్నాక నేను గట్టయ్య మామను పిలిపించాను.

“తొమ్మిది నెలలంటే నా చెట్లు ఎండిపోతయి తాతా” అన్నాడు సంపత్. కల్లు గీసే చెట్టును పొద్దున, సాయంత్రం ముట్టాలి. నాలుగు రోజులు వదిలితే కల్లు కారే గెల ఎండుతుంది, ఆ ఏడాదికి ఇక చుక్క దిగదు.

గట్టయ్య మామ వాడి మోకాలి వంక చూడలేదు. “మూడు రోజులు మీ అమ్మ పక్కన నిలబడు. చూసినంక అడుగు” అన్నాడు.

నిలబడేది కల్వర్టు దగ్గర. తాటివనం బాట అక్కడ రోడ్డెక్కుతుంది. మొగవాళ్ళు వనం నుంచి వచ్చే వేళకు ఆడవాళ్ళం అక్కడ నిలబడతాం. వచ్చినవాళ్ళను మనసులో లెక్కపెట్టుకుంటాం. చివరివాడు వచ్చేదాకా ఎవరి పేరూ పైకి అనం. ఎప్పటినుంచో అంతే. మా ఆయన చెట్టు మీది నుంచి పడి పోలేదు, కామెర్లతో పోయాడు. అయినా నేను అక్కడ నిలబడడం మానలేదు. కొడుకున్నాడు కదా.

సంపత్ నా పక్కన నిలబడగానే ఓదెలు పెళ్ళాం స్వరూప నవ్వింది. “ఏంది అత్తమ్మా, కొత్త కోడల్ని తోలుకొచ్చినవా?”

“కొంగు కప్పుకో కోడలా, చలి పెడుతుంది” అన్నది ఇంకొకామె.

సంపత్ తల దించుకున్నాడు. ఆ మూడు రోజులకు వాడి అయిదు చెట్లను ఓదెలు గీస్తానన్నాడు. వాడికంటే పదిహేనేళ్ళు పెద్ద, నోరు పెద్ద, చెయ్యి ఇంకా పెద్ద. “నీ చెట్లకు నేనంటేనే ఇష్టం తమ్మీ. నువ్వు ఆడోళ్ళ తోటి ముచ్చట్లు పెట్టు” అని కేకేసి మంచులోకి పోయాడు.

మొదటి రోజు పన్నెండు మంది పోయారు, పన్నెండు మంది వచ్చారు. రెండో రోజూ అంతే. ఆ రెండు పొద్దులూ నేను సుఖంగా ఉన్నాను. నా కొడుకు నా చేతికందే దూరంలో ఉన్నాడు. ఎవరి పేరూ తలచుకోవలసిన పని లేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

మూడో రోజు మంచు వానలా కారింది. చెట్లన్నీ తడి. పదకొండు మంది వచ్చారు.

స్వరూప మళ్ళీ లెక్కపెట్టింది. పెదాలు కదలడం చూశాను. నా మనసులో మొదట వచ్చిన మాట, నా కొడుకు కాదు, అని.

సంపత్ వనం వైపు పరుగెత్తాడు. చదునైన బాట. రాయి లేదు, గుంట లేదు. పది అంగలు వేశాడో లేదో, మోకాలు జారి బోర్లా పడ్డాడు. లేవబోయాడు, మళ్ళీ పడ్డాడు. అప్పుడే వచ్చిన పదకొండు మందీ వాణ్ణి దాటుకుని పరుగెత్తారు. వాడు మట్టిలో చేతులు ఆనించి వాళ్ళ కాళ్ళను చూస్తూ ఉండిపోయాడు.

ఓదెలును మంచం మీద మోసుకొచ్చారు. పడింది సంపత్ చెట్ల మీది నుంచే, మూడోదాని మీది నుంచి. తన చెట్లు గీసి, వీడివి గీసి, ఆలస్యమవుతోందని తొందరపడ్డాడట. ప్రాణం ఉంది. నడుము కింద స్పర్శ లేదు.

ఆ సాయంత్రం సంపత్ కుంటుకుంటూ గట్టయ్య మామ ఇంటికి పోయాడు. వెనకాలే నేనూ పోయాను.

“చూడమంటివి. చూసిన. ఇదేనా నీ జవాబు?” అని అరిచాడు. “అది నా చెట్టు. పడితే నేను పడేటోన్ని.”

గట్టయ్య మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎదురు గోడకు తగిలించిన మోకు వంకే చూస్తున్నాడు.

మరునాడు పొద్దున ఆయన మోకు దులిపి తీశాడు. వద్దని ఎంతమంది మొత్తుకున్నా వినలేదు. ఓదెలు పడిన చెట్టు ఎక్కాడు. ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ ఎక్కాడు. గీస్తాడేమో అనుకున్నాం. లొట్లు దించి, గెలలన్నీ మొదలంటా నరికి కింద పడేశాడు. దిగాక నిలబడలేక కూర్చున్నాడు. మిగిలిన నాలుగింటినీ మా వాళ్ళ చేత అట్లాగే నరికించాడు.

“చెట్లు ఎండుతయనే కదా నీ భయం” అన్నాడు సంపత్‌తో. “ఎండినయి. ఇగ పో.”

ఆపరేషన్ అయింది. తొడ వెనక నుంచి తీగలాంటిది తీసి మోకాల్లో తెగినదాని చోట బిగించారు. నెల తిరిగేసరికి వాడి తొడ నా ముంజేయిలా అయింది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి అదమాలి. మడమను జరుపుతూ కాలు వంచాలి. ఇంట్లో చేయమంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు. చంక కర్రలతో ఓదెలు ఇంటికి పోయి, ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని మాత్రం చేసేవాడు. ఎవరు పొమ్మన్నారో నాకు తెలియదు.

ఓదెలు పడుకునే లెక్కపెట్టేవాడు.

“పదిహేడు. వంచు. ఏంది, గంతేనా? నా కాళ్ళంటే పండుకున్నయి, నీ కాలికేం రోగం?”

“నొప్పి లేస్తుంది అన్నా.”

“లేవనీ. లేచేదన్న ఉన్నది నీకు. పద్దెనిమిది.”

స్వరూప పొయ్యి దగ్గర వెనక్కి తిరక్కుండా వింటూ ఉండేది. నాతో మాట్లాడేది, కానీ అత్తమ్మా అనడం మానేసింది.

నాలుగో నెల దాటింది. రోహిణి ఎండలు. సంపత్ కర్రలు వదిలేశాడు, నొప్పి పోయింది, గుంజిళ్ళు తీస్తున్నాడు. ఓదెలు ఇంట్లో గీసేవాడు లేడు, ఆయన చెట్లు వాడ వాళ్ళు పంచుకున్నారు, కొన్నింటిని ఇక గీయలేమంటున్నారు. ఆ చెట్లు వీడి కళ్ళలో మెదులుతున్నాయి. ఒక సాయంత్రం ఓదెలు ఇంట్లోనే, గట్టయ్య మామ కూర్చుని ఉండగా అడిగాడు.

“తాతా, ఇప్పుడు అసలు నొప్పే లేదు. అన్న చెట్లు రెండన్న ఎక్కుత. డాక్టరు తొమ్మిది నెలలన్నడు గని, నొప్పి లేనప్పుడు ఎందుకు ఆగాలె?”

గట్టయ్య మామ మంచం వైపు చూశాడు.

ఓదెలు దుప్పటి పక్కకు జరిపి, తన మోకాలి మీద గట్టిగా ఒక దెబ్బ వేసుకున్నాడు. ఇంకొకటి వేసుకున్నాడు. చప్పుడైంది. ముఖం మారలేదు.

“నాకు గూడ లేదు తమ్మీ” అన్నాడు.

సంపత్ నేల మీద కూర్చుని మడమ జరపడం మొదలుపెట్టాడు. ఆ రోజు లెక్క ఎవరూ చెప్పలేదు.

తొమ్మిది నెలలు కాదు, పది ఆగాడు. డాక్టరు ఒంటికాలి మీద గెంతించి, కూర్చోబెట్టి, లేపి, పొమ్మన్నాడు. మార్గశిరంలో ఒక పొద్దున వాడు మోకు భుజాన వేసుకుని వనంలోకి పోయాడు. వాడితో కలిపి పన్నెండు మంది.

నేను కల్వర్టు దగ్గర నిలబడ్డాను. స్వరూప కూడా వచ్చి నిలబడింది. ఆమెకు లెక్కపెట్టవలసిన మనిషి ఇప్పుడు వనంలో లేడు. ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు. గట్టయ్య మామ కర్ర ఊతంతో వచ్చి మా వెనక నిలబడ్డాడు.

ఒక్కొక్కరే వచ్చారు. ఏడు. తొమ్మిది. పదకొండు. తర్వాత చాలాసేపు ఎవరూ రాలేదు. మంచులోకి చూసి చూసి కళ్ళు మండాయి. అప్పుడు మా వాడు వచ్చాడు. మెల్లగా, రెండు కాళ్ళ మీదా సమానంగా నడుస్తూ వచ్చాడు.

నాకు తెలియకుండానే నోటి నుంచి మాట వచ్చింది. “పన్నెండు. అందరు వచ్చిన్రు.”

పక్కన స్వరూప కొంగు సర్దుకున్నది.

“అందరా?” అన్నాడు గట్టయ్య మామ.

నేను వేళ్ళు విప్పి, ఈసారి ఓదెలు నుంచి లెక్క మొదలుపెట్టాను.