జోలపాటతో తెరుచుకునే పేజీ

"ఇంత ప్రేమగా చేసిన పేజీ ఎవరికీ అందడం లేదేం, మాస్టారూ?" అని పరిమళ అడిగింది.

భావనారాయణ మాస్టారు అడగ్గానే జవాబు చెప్పే మనిషి కాదు. ప్రశ్న వేసినవాళ్ళ ముఖం కాసేపు చూస్తారు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని వేరే సంగతి ఎత్తుకుంటారు. గుంటూరు బ్రాడీపేటలో ఒక మందుల షాపు పైగదిలో మేం ఐదుగురం ఆయన దగ్గర వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాం. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఆయన ఊళ్ళో దుకాణాలకు బోర్డులు రాశారు. ఫ్లెక్సీలు వచ్చి కుంచెకు పని లేకుండా పోయాక, యాభై దాటిన వయసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఓనమాల నుంచీ నేర్చుకున్నారు. మా పేజీలను ఆయన ఎప్పుడూ గదిలో చూసేవారు కాదు. అద్దం పగిలిన పాత ఫోన్ ఒకటి ఉండేది, దాన్ని పట్టుకుని మెట్ల మీదకు వెళ్ళి ఎండలో నిలబడి చూసేవారు. "బోర్డు రాసేది కొట్టువాడు మురిసిపోవడానికి కాదయ్యా, బస్సులో పోయేవాడు చదువుకోవడానికి" అని రోజుకు ఒక్కసారైనా అనేవారు. రోజూ అనే మాటే కదా అని మేం వినడం మానేశాం.

పరిమళ చేసిన పేజీ సంగతి ముందు చెప్పాలి. ఊళ్ళో తల్లిపాల బ్యాంకు ఒకటి ఉంది. పాలు ఎక్కువగా ఉన్న తల్లులు ఇచ్చిన పాలను భద్రంగా దాచి, తల్లిపాలకు నోచుకోని పసికందులకు అందిస్తారు. రెండేళ్ళ క్రితం పరిమళ వాళ్ళ అక్కకొడుకు నెలలు నిండకుండా పుడితే, ఇరవై రోజులు ఆ పాలే వాణ్ణి నిలబెట్టాయి. ఆ మేలు మరిచిపోలేక, బ్యాంకువాళ్ళు అడక్కుండానే వాళ్ళకు పేజీ చేసిపెడతానంది. రెండు నెలలు చేసింది. తెరవగానే జోలపాట మొదలయ్యేది, ఆ వీణ వాయించింది కూడా పరిమళే. పైన పిల్లల ఫొటోలు ఒకదాని వెనక ఒకటి కదిలేవి, వాటిలో ముందున్నది అక్కకొడుకు బోసినవ్వు. ఫొటోల మీద లేత గులాబీ రంగులో సన్నటి అక్షరాలు. కింద బ్యాంకు పెట్టిన పెద్దావిడ సందేశం, తల్లిపాల గొప్పతనం గురించి నాలుగు పేరాలు, అన్నిటికంటే అడుగున, ఒక బొమ్మలో కలిసిపోయి, ఫోన్ నంబరు. నేను ఆ పేజీ చూసి ఎంత బాగుందో అన్నవాళ్ళలో మొదటివాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పేజీ పెట్టి నెల తిరిగింది. పాల కోసం అడిగేవాళ్ళు పెరగకపోగా తగ్గారు. ఆస్పత్రుల గోడల మీద కాగితాలు అంటించిన రోజులే నయమని బ్యాంకులో ఎవరో అన్నారట. ఆ మాట పరిమళ చెవిన పడింది. ఆ పూట ఆమె మాస్టారిని ప్రశ్న అడిగిందంటే, లోపల ఎంత ఏడ్చి వచ్చి అడిగిందో మాకు తెలుసు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "రేపు పొద్దున్నే కొత్తపేట వెళ్దాం. అక్కడ నర్సింగ్‌హోమ్‌లో మన కరుణమ్మ సిస్టర్ ఉంది. నీ పేజీ తెరిచేవాళ్ళు ఎవరో ఒకరు అక్కడ ఉంటారు. కాకపోతే నువ్వొక ఒట్టు వేయాలి" అన్నారు.

"ఏమని మాస్టారూ?"

"పక్కన కూర్చుని చూడాలి. నోరు విప్పకూడదు. వేలు పెట్టి చూపించకూడదు."

"అంతేనా?" అంది పరిమళ, ఆశ్చర్యంగా. ఆయన చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టింది. ఆ అమ్మాయి గడగడా మాట్లాడే మనిషి, ఒట్టు ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని నేనూ వాళ్ళ వెంట బయల్దేరాను.

మేం వెళ్ళేసరికి పదీ పది అయింది. పిల్లల వార్డు బయట వరండాలో, గోడవారగా బల్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు నాంచారమ్మ. ప్రత్తిపాడు దగ్గర పల్లె. రవిక మీద నుంచి మెత్తటి గుడ్డ ఒకటి అడ్డంగా చుట్టి ఉంది, అందులో ఆవిడ గుండెకు ఆనించి కట్టిన మనవరాలు. పుట్టి మూడు రోజులు, బరువు కిలోన్నర. తలకు ఉన్న టోపీ తప్ప మనకేమీ కనపడదు. తల్లికి కాన్పు కాగానే ఫిట్స్ వచ్చి పెద్దాస్పత్రికి తరలించారు, తండ్రి అక్కడ ఉన్నాడు. తల్లి ఒంటి వెచ్చదనం లేనప్పుడు ఇంకొకరి ఒంటి వెచ్చదనమైనా బిడ్డకు కావాలని డాక్టరు చెప్పారట. అందుకని పొద్దుటి నుంచీ ఆవిడ కదలకుండా కూర్చుంది. ఎడమ చెయ్యి బిడ్డ కింద, కుడిచేతిలో కూతురి ఫోన్. హడావిడిలో కళ్ళజోడు ఇంటి దగ్గరే వదిలేసి వచ్చింది.

కరుణమ్మ సిస్టర్ వచ్చి మాస్టారికి చెప్పింది. "నిన్న బిడ్డ తండ్రి అడిగి తెచ్చిన పాలు తొమ్మిదింటితో అయిపోయాయి మాస్టారుగారూ. పదకొండుకు మళ్ళీ పట్టాలి. డబ్బాపాలు ఈ బిడ్డ పేగులకు వద్దన్నారు. బ్యాంకువాళ్ళను ఇంటివాళ్ళే అడగాలి, అది వాళ్ళ పద్ధతి. పేజీ తెరిచి ఇచ్చాను, అందులో వివరాలు నింపుకుంటారులే" అంటూ లోపల ఇంకో కాన్పు ఉందని పరుగెత్తింది. బ్యాంకు నుంచి పాలు రావాలంటే అరగంట పడుతుంది. ఆ లెక్క వరండాలో ఉన్న మా ముగ్గురికీ అప్పుడే అర్థమైంది. పరిమళ నాంచారమ్మ పక్కన కూర్చుంది. మాస్టారు ఎదురు బల్ల మీద కూర్చున్నారు.

సిస్టర్ ఇచ్చినప్పుడు తెరిచి ఉన్న పేజీ ఆరిపోయింది. నాంచారమ్మ బొటనవేలితో మళ్ళీ తెరిచింది. తెరిచీ తెరవగానే జోలపాట. ఆ వీణ వరండా అంతా మోగింది. అప్పటిదాకా నిద్రలో ఉన్న బిడ్డ ఉలిక్కిపడి లేచింది. ఏడుపు కూడా కాదది, పిల్లిపిల్ల కూతంత. "ఓర్నాయనో, ఇదెట్టా ఆపాలి" అంటూ ఆవిడ ఫోన్‌ను చీరకుచ్చిళ్ళలో దాచేసి, బిడ్డ వీపు నిమిరింది. పరిమళ రెండు చేతులూ ఒడిలో బిగించుకుంది. జోలపాటకు బిడ్డ మేలుకోవడం ఆ అమ్మాయి ఎన్నడూ ఊహించి ఉండదు.

పాట తనంతట తాను అయిపోయాక ఆవిడ ఫోన్ బయటికి తీసింది. దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. ఐదో తరగతి దాకా చదువుకున్న మనిషి, కూడబలుక్కుని చదవగలదు. కానీ చదవడానికి అక్షరం కనపడాలి కదా. "సున్నం గోడ మీద సుద్దముక్కతో రాసినట్టుందే" అంది. ఎండకు ఒళ్ళు అడ్డం పెట్టుకుని మొదటి మాట పట్టుకుంది. రెండో మాటకు వచ్చేసరికి ఫొటో జరిగిపోయి ఇంకో ఫొటో వచ్చింది. మళ్ళీ మొదటికి వచ్చేదాకా ఆగింది. మళ్ళీ జరిగింది. "పిల్లలు బాగున్నారమ్మా, చల్లగా ఉండాలి" అని పరిమళతో అంది, కొంచెం మొహమాటంగా, చదవలేకపోవడం తన తప్పైనట్టు.

అప్పుడు పేజీకి అడ్డంగా ఒక చీటీ లాంటిది పడింది. మా పిల్లల కథలు మీకు పంపమంటారా, మీ ఈమెయిల్ ఇవ్వండి, అని. దాన్ని మూసే గుర్తు మూలన ఆవగింజంత ఉంది. ఆవిడ ఒక్క బొటనవేలితో నాలుగుసార్లు నొక్కింది, నాలుగుసార్లూ గురి తప్పింది. "కథలేందమ్మా ఇప్పుడు?" అంది. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. బిడ్డ గుడ్డలోంచి నోరు అటూ ఇటూ తిప్పుతూ ఆవిడ రవిక మీద వెతుక్కుంటోంది. ఆవిడ చిటికెనవేలు ఇస్తే దాన్ని కాసేపు చప్పరించి వదిలేసింది. పరిమళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్టారి వైపు చూసింది. ఆయన చూపు ఎటో ఉంది.

చీటీ ఎలాగో పోయింది. ఇప్పుడు పాలు అడగడానికి నొక్కాల్సిన గులాబీరంగు బిళ్ళ కనపడింది, దాని మీద, ఈ మమతల ప్రయాణంలో అడుగు వేయండి, అని ఉంది. ఆ మాట కోసం పరిమళ మూడు రోజులు ఆలోచించింది, నాకు తెలుసు. నాంచారమ్మ ఒక్కో అక్షరమే కలుపుకుని పూర్తిగా చదివింది. చదివి, ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. "ఎక్కడికో రమ్మంటన్నారు. పిల్లనేసుకుని నేనెక్కడికి పోనమ్మా? మనలాంటోళ్ళకు కాదులే ఇది, చదువుకున్నోళ్ళకు" అంది. గోడ గడియారం పదీ ఇరవై ఎనిమిది చూపిస్తోంది.

ఆ మాటతో పరిమళ ఒట్టు తీసి గట్టున పెట్టింది.

"అదంతా వదిలేయండి మామ్మగారూ" అంది. "పాపకు పాలు కావాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి. మీరు అడిగితే చాలు, పాలు వాళ్ళే తెచ్చిస్తారు." నంబరు ఆమెకు నోటికి వచ్చు. ఆవిడ చేతిలో ఫోన్ తీసుకుని తనే నొక్కి, చెవి దగ్గర పెట్టి పట్టుకుంది. నాంచారమ్మ అవతలివాళ్ళతో, మా మనవరాలికి పాలు కావాలయ్యా అని ఒకే ఒక్క మాట చెప్పింది. ఆస్పత్రి పేరు పరిమళ అందించింది. ఒక నిమిషం కూడా పట్టలేదు.

అదే సమయంలో నేను మాస్టారి వైపు చూశాను. ఆయన జేబులోంచి తీసిన పగిలిన ఫోన్ మీద బ్యాంకు నంబరు అప్పటికే ఉంది, బొటనవేలు దాని మీదే ఆనించి ఉంది. ఎప్పటి నుంచి అలా పట్టుకుని కూర్చున్నారో తెలియదు. పరిమళ మాట విన్నాక మెల్లగా ఫోన్ జేబులో వేసుకున్నారు. ఆయన మీద అంతకుముందు పావుగంటగా నాకు పెరుగుతున్న కోపం అక్కడితో పోయింది.

పదకొండు దాటి మూడు నిమిషాలకు ఒకతను స్కూటర్ మీద ఐసు డబ్బాతో వచ్చాడు. సిస్టర్ పాలు వెచ్చబెట్టి ఉగ్గుగిన్నెతో పట్టింది. చుక్కచుక్కగా, చాలాసేపు. ఆ చిన్న గొంతు మింగడం అందరం నిలబడి చూశాం, పెద్ద విశేషం చూస్తున్నట్టు. నాంచారమ్మ పరిమళ చెయ్యి పట్టుకుని, "ఆ ఫోన్లో ఉన్నోళ్ళెవరో గానీ, వాళ్ళ కంటే నువ్వు నయం తల్లీ" అంది. పరిమళ ఆవిడ చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. బిడ్డ నిద్రపోయింది. వరండాలో ఈసారి ఏ పాటా లేదు.

బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే పరిమళ ఆగింది. తల వంచుకుని ఉంది.

"మాట తప్పాను మాస్టారూ. ఆగలేకపోయాను."

మాస్టారు కళ్ళజోడు తీశారు. తుడవలేదు, చేతిలోనే పట్టుకుని ఆమెను చూశారు. కూతురిని చూసినట్టు చూశారని నాకనిపించింది.

"నోరు విప్పాక ఎన్ని మాటలు చెప్పావమ్మాయ్?"

పరిమళ గుర్తు చేసుకుంది. అదంతా వదిలేయండి. పాపకు పాలు కావాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి. మీరు అడిగితే చాలు, పాలు వాళ్ళే తెచ్చిస్తారు. వేళ్ళ మీద లెక్కపెట్టి, "మూడండీ" అంది.

"మొదటిది నీకు. మిగతా రెండూ పేజీకి పెట్టు" అన్నారు మాస్టారు. కళ్ళజోడు పెట్టుకుని ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగారు. "పేజీలో ఇంకేం చెప్పాలనిపించినా సరే, నోరు విప్పనన్న ఆ ఒట్టు అలాగే ఉంచుకో తల్లీ."