ఉప్పుమడుల దగ్గర నల్ల గొడుగు

చిన్నంనాయుడు గారికి ఒక అలవాటు. బొమ్మ వేయడానికి ఉప్పుమడుల గట్టుకి వెళ్తే, ఎంత చక్కటి ఎండ కాస్తున్నా సరే, నల్ల గొడుగు ఒకటి పాతుకుని దాని కింద కూర్చునేవారు. ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు లెండి, లారీల మీద పేర్లు రాస్తూ రాస్తూ బొమ్మల్లోకి వచ్చేశారు. వెలుగంటే అంత పిచ్చి ఉన్న మనిషికి గొడుగెందుకని ఊళ్లో నవ్వుకునేవారు. పెద్దతనం కదా, తల మాడుతుంది కాబోలని శిష్యుడు తవిటయ్య సరిపెట్టుకున్నాడు.

తవిటయ్య సంగతి వేరు. వెలుగుకీ తనకీ మధ్య గుడ్డముక్క కూడా అడ్డు ఉండకూడదని అతని పంతం. నలభై రోజులు, పొద్దున్న పదింటికల్లా మడుల మధ్య ఎండలో కూర్చుని, మొహం తోలు ఊడేలా ఆ మడులదే ఒక్క బొమ్మ వేశాడు. ఆ ఎండలో ఏ రంగు పెట్టినా మెరిసిపోయేది, అందుకని ఇంకాస్త ముదురు వేసేవాడు. పూర్తయ్యేదాకా ఇంట్లో దాని మీది ముసుగు తీయలేదు. తీసి గోడకి తగిలించిన రోజున భార్య కాసేపు చూసి, బొమ్మలో వానొచ్చేలా ఉంది, ఉప్పు ఎత్తేశారా అని అడిగింది. పాపం, ఆవిడ ఎగతాళికి అనలేదు. అదే అతన్ని కోసేసింది.

మర్నాడు బొమ్మా కుంచెలూ తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు. ఇక ఈ పని తన వల్ల కాదన్నాడు. వెళ్లబోతూ ఒక్కటి మాత్రం అడిగాడు.

"అంత వెలుగులో కూర్చుని వేశాను కదండీ. బొమ్మలోకి ఎందుకు రాలేదు?"

గురువుగారు లేచారు. కుంచెలు సంచిలో వేసుకుని, గొడుగు తీసుకుని, బొమ్మ అతని చేతే మోయించి మడుల దగ్గరికి నడిచారు. గొడుగు పాతి, ఉప్పు లాగుతున్న ఎర్రమ్మని పిలిచి, బొమ్మ ఎలా ఉందో చెప్పమన్నారు. ఆమె కళ్లు చికిలించింది.

"ఎండలో ఏటి కనిపిస్తాది బాబూ, ఇలా నీడకి తే," అని తనే బొమ్మ లాక్కుని గొడుగు కిందికి దూరింది. చూసి, ఇది సందేళ బొమ్మా అని అడిగి, పనుందని వెళ్లిపోయింది.

తవిటయ్య కూడా వంగి గొడుగు కిందికి వచ్చాడు. బొమ్మ మసిబట్టినట్టుంది. తలెత్తాడు. ఎదురుగా మడులు, ఈ నలభై రోజుల్లో తను ఎన్నడూ చూడనంత తెల్లగా ఉన్నాయి. బొమ్మనీ మడులనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత సంచిలోంచి కుంచెలు తనే తీసుకున్నాడు.

అయితే ఎండలో కూర్చోవడం తప్పేనా అని నెమ్మదిగా అడిగాడు.

"తప్పేముంది నాయనా. నీ ఇష్టానికైతే ఎండలోనే కూర్చో," అన్నారు గురువుగారు. "ఇంకొకళ్లకి చూపించాలనుకున్న బొమ్మ వేసే రోజు మాత్రం గొడుగు తెచ్చుకో."