శలోమి తొక్కిన మడి

అనగనగా, అలలు సైతం గట్టు మాట విని వెనుదిరిగే రోజులలో, తూర్పు సముద్రతీరాన ముత్యాలవేల అనే చిన్న రాజ్యం ఉండేది. పేరులో ముత్యాలున్నవి గాని నేలలో లేవు. అక్కడ పండేది ఉప్పు. ఆ ఉప్పురాశుల తెలుపును దూరం నుండి చూసిన నావికులు ముత్యాలనుకొని ఓడలు ఆపేవారట. దిగి, ఒక పలుకు నాలుక మీద వేసుకొని, తమ పొరపాటుకు తామే నవ్వుకొని, ఉప్పే కొనుక్కొని పోయేవారట.

ఆ తీరాన ఫిలేమోను అనే భక్తుడు ఒక ఉప్పుమడి చేసుకొని బ్రతికేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు, శలోమి. తల్లి లేని ఆ బిడ్డను ఉప్పుగాలిలో, ప్రార్థనలో పెంచాడు. ఆమెకు యుక్తవయస్సు వచ్చేవేళకు ఆయనకు అంత్యకాలం సమీపించింది.

"అమ్మా శలోమీ! నేను పోయాక నిన్ను తండ్రి లేని పిల్ల అంటారు. ఆ మాట నమ్మకు. నీ తండ్రి పరలోకంలో ఉన్నాడు. నేను ఆయన పంపున నిన్ను కొన్నాళ్లు సాకినవాణ్ణి, అంతే. ఆయన మాట విను. అర్థమైతే విను, కాకపోతే మరింత శ్రద్ధగా విను" అని చెప్పి కన్ను మూశాడు.

శలోమి ఏడ్చింది. ఏడ్చి, మడిలో దిగింది. దిగక తప్పదు. ఎందుకంటే ఆ రాజ్యంలో ఒక శాసనముంది: వరుసగా రెండు పంటలు చెడిన మడి చేయి మారవలసిందే. రాజ్యమంతా ఆ ఉప్పు మీదనే అన్నం తింటుంది గనుక అందులో దయాదాక్షిణ్యాలకు చోటు లేదు.

ఉప్పు పండించడంలో కష్టమంతా నీరు పెట్టకముందే ఉంది. తడిసిన బంకనేలను మడమ పక్కన మడమ పెట్టి, ఈ గట్టు నుండి ఆ గట్టుకు, ఆ గట్టు నుండి ఈ గట్టుకు తొక్కాలి. నేల కుండలాగ గట్టిపడే వరకు తొక్కాలి. ఆ తరువాతనే, ఎండకు ముదిరిన సముద్రపు నీటిని మడిలోకి వదలాలి. తొక్కని నేలలో నీరు వదిలితే నీరు కిందికి పోతుంది, బురద పైకి వస్తుంది, ఉప్పు నల్లబడుతుంది.

ఆ మడి గట్టున ఒక పీత కాపురముండేది. మెత్తని నేల ఉంటేనే దానికి ఇల్లు. గట్టినేలలో దాని డెక్కలు దిగవు. అందుచేత అది తీపి మాటలు నేర్చింది.

"చెల్లెమ్మా, పాదాలు కందిపోతున్నాయే! ఇంకా ఎంత తొక్కుతావు? చూడు, నేల నిగనిగలాడుతున్నది. నీరు వదిలెయ్. మీ నాన్న పాతకాలపు మనిషి గనుక అంత తొక్కేవాడు" అన్నది పీత.

శలోమికి అలసట ఎక్కువ, నమ్మకం తక్కువ. సగం తొక్కి నీరు వదిలింది. ఆ ఏడు ఉప్పు బొగ్గుపొడిలాగ వచ్చింది. పీత మాత్రం మడి నడుమ బొరియ తవ్వుకొని, పిల్లాపాపలతో హాయిగా ఉన్నది.

అలా ఒక పంట చెడింది. ఇక మిగిలింది ఒక్కటే.

శలోమి తాటాకుల ప్రార్థనాలయానికి వెళ్లి, ఉపదేశి తీతు తాత ఎదుట కూర్చున్నది.

"తాతా, నాకు విశ్వాసం చాలడం లేదు. దేవుడు నాకు తండ్రి అని నోటితో అంటున్నాను గాని గుండెలో కుదురుకోవడం లేదు. ముందు విశ్వాసం గట్టిపడనీ, అప్పుడు ఆయన చెప్పినవన్నీ చేస్తాను."

తాత బోసినోటితో నవ్వాడు. "ఓసి పిచ్చి తల్లీ! మడి గట్టిపడ్డాక తొక్కుతావా? తొక్కితే గట్టిపడుతుందా?"

"తొక్కితేనే గదా తాతా" అన్నది శలోమి.

"విశ్వాసమూ అంతేనమ్మా. తండ్రి మాట ఒక్కటి చేసి చూడు. చేసినంత మేర నేల గట్టిపడుతుంది. ఆ తండ్రికి పూర్తిగా లోబడిన కుమారుడొకడున్నాడు. సిలువ దాకా లోబడ్డాడు. ఆయన నడిచిన దారే మనకు దారి. పెద్ద అడుగు వేయలేకపోతే చిన్నదే వెయ్యి."

ఆ మాట పట్టుకొని శలోమి మళ్లీ మడిలో దిగింది. పీత బొరియలు పూడ్చి, మొదటి నుండి తొక్కడం ప్రారంభించింది. పీత గొణుక్కొంటూ, పిల్లలను వెంటబెట్టుకొని, పొరుగు మడి గట్టుకు చేరుకొన్నది.

పొరుగు మడి నతానయ్యది. పేరుకు విశ్వాసి, పండుగలకు మాత్రమే ప్రార్థనకు వచ్చేవాడు. ఫిలేమోను పోయిన నెలలోనే, తమ ఇద్దరి మధ్య నున్న గట్టును మూరెడు మేర శలోమి మడిలోకి జరిపినవాడు కూడా అతడే.

ఆదివారం వచ్చింది. ఎండ మంచి పట్టు మీద ఉన్నది. తీరమంతా ఆ రోజు కూడా తొక్కుడే తొక్కుడు. శలోమి మాత్రం తల దువ్వుకొని, తెల్లచీర కట్టుకొని, ప్రార్థనకు బయలుదేరింది.

"ఏమే పిల్లా! నువ్వు పాటలు పాడుతూ కూర్చుంటే నీ మడి ఎవరు తొక్కుతారే? దేవుడు దిగివచ్చి తొక్కుతాడా?" అని నతానయ్య గట్టు మీద నుండి అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.

"ఆయన ఆగమన్నాడు మావయ్యా, ఆగుతున్నాను. తొక్కమన్ననాడు తొక్కుతాను" అన్నది శలోమి. అన్నదేగాని, పాట పాడుతున్నంతసేపూ మనసు మడిలోనే ఉన్నది. ఆ ఆజ్ఞ ఆమెకు బరువుగానే తోచింది. అయినా పాటించింది.

మరునాడు అందరూ నీరు వదిలారు. పీత పొరుగు గట్టు నుండి అడ్డంగా పాకుతూ వచ్చింది. "చెల్లెమ్మా, వెనకబడ్డావే! నువ్వు కూడా వదిలెయ్, సరిపోతుంది!"

"అడ్డంగా నడిచేదానికి నిటారు మాట ఎక్కడ వస్తుందిలే" అని శలోమి తొక్కుతూనే ఉన్నది. నేల పాదం కింద ఠంగుమని పలికిన తరువాతనే తూము తీసింది. ఆనాడు ఆమెకు ఒక వింత తోచింది. ఆదివారం మోసిన బరువు ఇప్పుడు బరువుగా లేదు.

నీరు ముదురుతున్న రోజులలో రాజుగారి కొఠారు అధికారి మడులు చూడడానికి వచ్చాడు. గుర్రం దిగి, శలోమి వైపు జాలిగా చూశాడు.

"అమ్మాయ్, నిరుడు మీ ఉప్పు నల్లగా వచ్చింది. కారణమేమిటి? పొరుగువాడి గట్టు కారి బురద వచ్చిందని కొందరంటున్నారు. అదే నిజమైతే చెప్పు. తప్పు నీది కాదు గనుక నీకు ఇంకొక పంట గడువు వ్రాయిస్తాను."

ఒక్క 'అవును' చాలు. గట్టు జరిపిన నతానయ్య మీద ఎవరికీ జాలి లేదు. తాను 'అవును' అంటే లోకమంతా నమ్ముతుంది. నతానయ్య అక్కడే నిలబడి, చెమట తుడుచుకొంటున్నాడు.

కాని అబద్ధమాడవద్దన్న తండ్రి మాట మనసులో మెదిలింది.

"లేదయ్యా. ఆయన గట్టు కారలేదు. నేనే సరిగా తొక్కలేదు. తప్పు నాది."

అధికారి తల పంకించాడు. "అయితే గడువు లేదమ్మా. ఈ పంట చెడితే మడి పోతుంది."

"పోనీయండి. నా మాట పోకుండా ఉంటే చాలు" అన్నది శలోమి. నతానయ్య తల దించుకొని తన మడి వైపు తిరిగాడు.

కొన్నాళ్లకు మడిలో పొర కట్టింది. ఆహా, ఏమా తెలుపు! మల్లెలు పరచినట్లున్నది. రాజుగారు స్వయంగా తీరానికి వచ్చి పంట చూసే వేడుక దగ్గరపడింది. శలోమి చెక్కపార భుజాన వేసుకొని, ఉప్పు పోగు చేయడానికి గట్టు ఎక్కింది. అప్పుడే ఆకాశాన తూర్పు మూల ఒక నల్లమబ్బు తలెత్తింది. వాన పడేలోగా తీయగలిగినంత తీయాలి. పడితే పొర కరిగిపోతుంది.

పార ఎత్తిందో లేదో, కేక వినబడింది.

"గట్టు! నా గట్టు తెగింది! ఎవరైనా రండర్రా!"

పీత కుటుంబం తవ్విన బొరియలలోకి పోటు నీరు చొరబడి, నతానయ్య గట్టు సముద్రం వైపున కోసుకుపోతున్నది. ఎవరి ఉప్పు వారు తీసుకొనే తొందరలో తీరంలో ఎవరూ కదలలేదు. నతానయ్య ఒంటరిగా, దోసిళ్లతో బురద వేస్తూ, అలలతో కలబడుతున్నాడు.

పీత ఎగిరి శలోమి గట్టు మీదికి వచ్చింది. ఉన్న ఇల్లు కొట్టుకుపోయింది, కొత్త ఇల్లు కావాలి దానికి. "చెల్లెమ్మా, నీ ఉప్పు తీసుకో! మూరెడు నేల మింగినవాడికి సముద్రం ఇప్పుడు బుద్ధి చెబుతున్నది. నువ్వెందుకు అడ్డం పోతావు?"

శలోమి మబ్బును చూసింది. మల్లెల వంటి పొరను చూసింది. కీడు చేసినవారికి మేలు చేయండన్న మాట తండ్రిదే. అంతకుముందు రెండు మాటలు విన్నది. ఈ మూడవది వినడానికి ఆమెకు తాత అక్కరలేదు, తర్కమూ అక్కరలేదు.

పార కింద పడవేసి పరుగెత్తింది.

"జరుగు మావయ్యా! దోసిళ్లతో ఆగదు, తొక్కాలి!" అని బురదలోకి దూకింది. నతానయ్య బంకమన్ను తెచ్చి పోశాడు, శలోమి తొక్కింది. అతడు పోశాడు, ఆమె తొక్కింది. వాన కురిసింది. కురుస్తుంటే కూడా తొక్కింది. గండి పూడేసరికి ఇద్దరూ బురదబొమ్మలయ్యారు.

"నీ ఉప్పు కరిగిపోయిందే తల్లీ!" అని నతానయ్య బావురుమన్నాడు. "గట్టు జరిపిన పాపిని నేను. నా కోసం ఎందుకొచ్చావే?"

"మా నాన్న చెప్పాడు మావయ్యా."

"ఫిలేమోనా? పోయేముందా?"

"ఆయనకూ తండ్రి అయినవాడు."

వాన వెలిసింది. తీరంలో నిలిచి చూస్తే ప్రతి మడిలోనూ కంట తడే. తీసుకోగా మిగిలిన పొర అంతటా కరిగింది. తొందరపడి తొక్కిన నేలలలో ఆ కరిగిన ఉప్పునీరు ఇంకిపోయి, బురద తేలింది. శలోమి మడిలో మాత్రం నీరు అద్దంలాగ నిలిచి ఉన్నది. చుక్క కూడా కిందికి దిగలేదు. మళ్లీ ఎండలు కాశాయి. ఆ నీరే మళ్లీ ముదిరి, ఆ ఉప్పే మళ్లీ పొర కట్టింది. వేడుకకు ముందు అది పోగు చేయడానికి శలోమి ఒక్కతే దిగలేదు. చెక్కపార పట్టుకొని అందరికంటే ముందు నతానయ్య దిగాడు. అతణ్ణి చూసి, మొన్న గొల్లున నవ్విన వాళ్లంతా సిగ్గుపడుతూ వెంట దిగారు. జరిపిన గట్టును కూడా నతానయ్య ఆనాడే తన చేతులతో వెనుకకు జరిపాడు.

వేడుక రోజున ముత్యాలవేల రాజు శంఖవర్మ తీరమంతా నడిచి, శలోమి ఉప్పురాశి ముందు ఆగాడు. ఒక పలుకు తీసి నాలుక మీద వేసుకొన్నాడు. అధికారి జరిగినదంతా ఆయనకు విన్నవించాడు. ఆదివారం సంగతి, గడువు సంగతి, గండి సంగతి.

రాజు ఆమె వైపు తిరిగాడు.

"అమ్మాయీ, ఈ మడి ఇక నీ చేయి దాటదు. అది శాసనం. కాని నా మనసులోని మాట వేరే ఉన్నది. నాకు సంతానం లేదు. నీవు తండ్రి లేని దానవని విన్నాను. నా కోటకు రా. ఈనాటి నుండి నేనే నీ తండ్రిని. నీవు రాజకుమార్తెవు."

పరిచారికలు పల్లకి తెర తొలగించారు.

ఒకప్పటి శలోమి అయితే కళ్లు కిందికి దించుకొని, ఏమనాలో తెలియక తడబడేది. ఈ శలోమి చేతులు జోడించి, తల ఎత్తి నిలిచింది. ఆ నిలవడంలో పొగరు లేదు, బెరుకూ లేదు.

"మహారాజా, మీ దయకు నా వందనాలు. కాని మీరు విన్నది పొరపాటు. నాకు తండ్రి ఉన్నాడు."

"ఏడమ్మా? ఆయన నీకు ఏమిచ్చాడు? నేను కోటనిస్తానంటున్నాను."

"ఆజ్ఞలిచ్చాడు ప్రభూ. మొదట వాటిని బరువనుకొన్నాను. ఒక్కొక్కటే చేస్తూ వచ్చాను. చేస్తూ చేస్తూ ఆయన ఎవరో తెలుసుకొన్నాను. నిరుడు ఆయన నా తండ్రి అని నోటితో అన్నాను. ఈనాడు మీ సింహాసనం ఎదుట నిలబడి అనగలను. నేను ఆయన కూతురిని. ఇంతకంటే పెద్ద కుమార్తె పదవి ఏ కోటలోనూ లేదు మహారాజా."

జనంలో నుండి నతానయ్య గొంతు మొదట లేచింది. "అది మా పిల్ల! మా మడుల పిల్ల!" ఆ వెనుకనే తీరమంతా చప్పట్లు. తీతు తాత కర్ర పక్కన పడవేసి, ఎన్నడూ లేనిది నడుము నిటారుగా చేసి నిలబడ్డాడు.

రాజు చెప్పులు విడిచి, మడి గట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. "అయితే తల్లీ, ఆ తండ్రిని గురించి నాకూ చెప్పు" అన్నాడు.

ఆ అడగడంలో పరలోకపు తండ్రే తనను పిలిచినట్లు తోచి శలోమి ముఖం వెలిగింది. పదిమంది ముందు తండ్రి తన పేరు పెట్టి పిలిచి 'ఇది నా బిడ్డ' అంటే ఏ కూతురి ముఖం వెలగదు? ఆ వెలుగుతోనే చెప్పడం మొదలుపెట్టింది.

విన్నారు కదా పిల్లలూ: విశ్వాసం పెరిగాక లోబడదామని కూర్చున్నవారికి అది పెరగదు, తండ్రియైన దేవుని మాట ఒక్కొక్కటే చేసి చూసేవారికి అది రోజురోజుకూ గట్టిపడుతుంది.