నెమలి బూట్లలో బుచ్చెమ్మత్త

అనగనగా ఒక అడవిలో ఒక మగనెమలి తోలు బూట్లు కుట్టించుకున్నాడు. నవ్వకండర్రా, కథ ఇంకా మొదలే పెట్టలేదు.

ఆ నెమలి పేరు సింగారయ్య. తోక చూస్తే పండగ. కాళ్ళు చూస్తే ఎండుపుల్లలు. పక్క కొండ మీది ఆడనెమలి చుక్కమ్మతో అతనికి పెళ్ళిచూపులు కుదిరాయి. ఇంకా పదిహేను రోజులుంది. "నా కాళ్ళు చూసిందంటే ఈ పెళ్ళి తప్పిపోయినట్టే" అని సింగారయ్యకు ఒకటే దిగులు. అందుకే ఈ బూట్లు.

కుట్టింది ముళ్ళపంది. దానికి సూది కొనే పనే లేదు. వీపు మీంచి ఒక ముల్లు పీకడం, కుట్టడం, మళ్ళీ అక్కడే గుచ్చుకోవడం. నెమలి వెనక వేలికి విడిగా ఓ చిన్న గది కూడా కట్టింది.

"బాబూ, మూడు మాటలు గుర్తుపెట్టుకో," అంది ముళ్ళపంది. "మట్టి అంటితే ఆ రోజే తుడువు. తడిస్తే నీడలో ఆరబెట్టి, కాస్త ఆముదం రాయి. ఒక రోజు తొడిగితే మర్నాడు సెలవివ్వు."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు సింగారయ్య. గుర్తుపెట్టుకున్నాడా? ఆఁ, మీరు హోంవర్కు గుర్తుపెట్టుకున్నంత!

ఇంటికెళ్ళే దారిలో నల్లమ్మ అనే గేదె ఎదురైంది. బూట్ల వంక చూసింది. వంగి వాసన చూసింది. ఉన్నట్టుండి ముందు కాళ్ళు మడిచి దణ్ణం పెట్టేసింది.

"బుచ్చెమ్మత్తా! బాగున్నావా?"

సింగారయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. "ఏ అత్తక్కా?"

"నీ కాళ్ళకున్నది మా మేనత్తే తమ్ముడూ. పోయి మూడేళ్ళయింది. చూడు, ఇంకా నడక మానలేదు మహాతల్లి!"

"కుడికాలిదా, ఎడమకాలిదా?"

"రెండూ అత్తే. కాస్త భారీ మనిషి."

ఆ రోజు నుంచి నల్లమ్మ నాలుగు రోజులకోసారి వచ్చి అత్తను పలకరించి పోయేది. చుట్టరికం మరి.

మొదటిసారి వచ్చేసరికి బూట్ల నిండా ఎర్రమట్టి.

"అదేంటి, అత్తకి మొహం కడగలేదా?" అంది నల్లమ్మ.

"మీవాళ్ళకి బురదంటే ఇష్టమేగా అక్కా!"

"బతికున్నప్పుడు ఇష్టమే. ఇప్పుడు ఆవిడకి పడదు. తుడువు."

"రేపు తుడుస్తాలే," అన్నాడు సింగారయ్య. రేపు వచ్చింది, వెళ్ళింది. మట్టి మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

రెండోసారి వచ్చేసరికి వానలో నానిన బూట్లు మండుటెండలో రాతి మీద అప్పడాల్లా ఎండుతున్నాయి. నల్లమ్మ గుండె బాదుకుంది. పక్కనే చెవి పెట్టి వింది.

"దాహమేస్తోందంటోంది తమ్ముడూ! ఒళ్ళంతా బీటలిచ్చింది. కాస్త ఆముదం రాయవయ్యా."

"ఛీ, పెళ్ళికొడుకు దగ్గర ఆముదం వాసనా? కాస్త మసి పూస్తే బీటలు ఎవరికి కనిపిస్తాయి?" అని సింగారయ్య మసి పూసేశాడు. నల్లగా నిగనిగలాడాయి. నల్లమ్మ మాత్రం, "ఇది మేకప్పు, వైద్యం కాదు," అని గొణుక్కుంటూ పోయింది.

మూడోసారి వచ్చింది పెళ్ళిచూపుల ముందురోజు. సింగారయ్య బూట్లతోనే తింటున్నాడు, బూట్లతోనే పడుకుంటున్నాడు, పొద్దున్నించీ బూట్లతోనే నాట్యం సాధన చేస్తున్నాడు.

"ఈ ఒక్క రోజైనా విప్పు," అని బతిమాలింది నల్లమ్మ. "అత్తకి ఊపిరాడ్డం లేదు. ముళ్ళపంది దగ్గరికి పోయి రెండు కుట్లు వేయించుకొస్తాను."

సింగారయ్య ఆలోచించాడు. విప్పితే సాధన పోతుంది. విప్పకపోతే? "ఒక్క రోజులో ఏమవుతుందిలే!" అని మళ్ళీ గెంతాడు.

తెల్లారింది. చుక్కమ్మ వాళ్ళ నాన్నతో వచ్చి కూర్చుంది. పళ్ళెం నిండా వేయించిన ఉసుళ్ళ పురుగులు పెట్టారు. సింగారయ్య తోక విప్పాడు. అందరూ "అబ్బో!" అన్నారు.

మొదటి గెంతుకు బూటు కిర్రుమంది. రెండో గెంతుకు ముందు భాగం కప్పలా నోరు తెరిచింది. మూడో గెంతుకు అడుగు అట్ట ఊడి, గిరగిరా తిరిగి, ఉసుళ్ళ పళ్ళెంలో పడింది.

"అత్తా!" అని పక్కనే నిలబడి చూస్తున్న నల్లమ్మ కేక పెట్టింది.

చిరిగిన బూటులోంచి నాలుగు వేళ్ళూ బయటికొచ్చాయి. సింగారయ్య గబగబా తోకతో కాళ్ళు కప్పుకున్నాడు.

"దాచకండి," అంది చుక్కమ్మ. "మా నాన్నవీ అవే కాళ్ళు. నావీ అవే."

సింగారయ్య మొహం వెలిగింది. "అయితే నేను నచ్చినట్టేనా?"

చుక్కమ్మ పళ్ళెంలోంచి అట్ట తీసి అటూ ఇటూ తిప్పింది. "ఎన్నాళ్ళ మట్టండీ ఇది? ఒక్క చుక్క నూనె లేదు. ఒక్క రోజైనా సెలవిచ్చినట్టు లేదు. మిమ్మల్ని నెత్తిన కాదు, కాలికింద పడి మోసింది పాపం! దాన్నే ఇలా చూసుకున్నారు. నేను ఒక్క అడుగు కూడా మొయ్యను. నన్నెలా చూసుకుంటారు?"

వాళ్ళు ఉసుళ్ళు ముట్టకుండానే ఎగిరిపోయారు.

"అక్కా, నువ్వైనా పిలిచి చెప్పు! నేను మంచివాణ్ణని చెప్పు!" అని సింగారయ్య ఏడ్చాడు.

నల్లమ్మ తెగిన బూటును కొమ్ముకు తగిలించుకుంది. "నాకేం తెలుసు తమ్ముడూ, నీతో తిరిగింది అత్త కదా. ఆవిణ్ణే అడుగు. ఎలాగూ నోరు తెరిచే ఉంది."

నీతి: మనల్ని మోసేదాన్ని రోజూ చూసుకుంటేనే, మనకు కావలసిన రోజున అది మనల్ని మోస్తుంది.